చెయ్యి తిమ్మిరెక్కుతోందా? మణికట్టులో నరం దారిని మీరే గీసి చూసుకోవడం ఎలా

రాత్రి రెండింటికో మూడింటికో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. లేచి కూర్చుని నాలుగుసార్లు దులిపితే తగ్గుతుంది. పొద్దున బండి హ్యాండిల్ పట్టుకుని బెంజ్ సర్కిల్ దాటేలోపే మళ్ళీ మొదలు. "ఇది నరాల వీక్‌నెస్సాండీ? బీ12 మాత్రలు వేసుకుంటే పోతుందా?" అని మా ఫిజియోథెరపీ గదికి వచ్చేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు, వన్‌టౌన్‌లో జాకెట్లు కుట్టేవాళ్ళు, ఎనిమిదో నెల నిండిన గర్భిణులు, రోజంతా మౌస్ పట్టుకునే కుర్రాళ్ళు, అందరిదీ ఇదే ప్రశ్న. అందుకే ఒకేచోట రాసేస్తున్నాను.

వచ్చినవాళ్ళని "ఎక్కడ పట్టేసినట్టుంది, చూపించండి" అంటే దాదాపు అందరూ వాచీ పెట్టుకునే చోటే చూపిస్తారు. బామ్ రుద్దేది అక్కడే, గుడ్డ బిగించి కట్టేదీ అక్కడే. ఇలాంటి తిమ్మిరి చాలావరకు మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నొక్కుకోవడం వల్ల వస్తుంది, కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఆ ఇరుకు వాచీ చోట లేదు. వాచీ చోటు దాటి వేళ్ళ వైపు వస్తే, అరచెయ్యి మొదలయ్యే చోట ఉంటుంది. అదెక్కడో ముందు కళ్ళారా చూసుకుంటే సగం పొరపాట్లు వాటంతటవే తగ్గిపోతాయి.

కావలసినవి

- రెండు రంగుల స్కెచ్ పెన్నులు (బాల్ పెన్ను చర్మం మీద సరిగ్గా పారదు, మార్కర్ అయితే రెండు రోజులు పోదు)
- కాస్త దూది, పోగులా తీసినది
- టైమర్ పెట్టుకోవడానికి ఫోన్
- మోచెయ్యి ఆనించడానికి బల్ల, మంచి వెలుతురు
- చివరి పరీక్షకు ఇంట్లో ఇంకొకరు

గాజులు, వాచీ, ఉంగరాలు, మణికట్టుకు కట్టుకున్న తాళ్ళు తీసేయండి. మిర్చి పని చేసి వచ్చినవాళ్ళు ఆ రోజు ఈ పరీక్షలు పెట్టుకోవద్దు. కారం మంట, నరం మంట ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటాం. తేడా తెలుసుకోవడం సులువే: కారం తాకిన వేళ్ళన్నీ మండుతాయి, చిటికెన వేలితో సహా. మీడియన్ నరం వల్ల వచ్చే మంట చిటికెన వేలి జోలికి పోదు.

లోపల ఏముందో రెండు ముక్కల్లో

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసలుగా ఉంటాయి. అరచేతి వైపు నుంచి చూస్తే అవి వంపు తిరిగిన కాలవలా అమరి ఉంటాయి. ఆ కాలవ మీద అడ్డంగా గట్టి లిగమెంటు పట్టీ ఒకటి బిగించి ఉంటుంది. ఆ రెంటి మధ్య ఉన్న దారే కార్పల్ టన్నెల్. అందులోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్ళు), వాటితో పాటు ఒకే ఒక్క నరం, మీడియన్ నరం, వెళతాయి. మన విజయవాడలో కొండను తొలిచిన చిట్టినగర్ సొరంగం సంగతి తెలుసుగా, బళ్ళు పెరిగాయని కొండ పక్కకు జరగదు. ఇక్కడా అంతే. టెండన్ల చుట్టూ ఉన్న పొర వాచినా, ఒంట్లో నీరు చేరినా, మణికట్టు వంగి ఉన్నా లోపల ఒత్తిడి పెరుగుతుంది. టెండన్లు తట్టుకుంటాయి, నరం తట్టుకోలేదు. థియరీ ఇంతకంటే అక్కర్లేదు.

గీయడం

1. చేతిని అరచెయ్యి పైకి ఉండేలా బల్ల మీద పెట్టండి. మణికట్టు దగ్గర అడ్డగీతలు రెండో మూడో కనిపిస్తాయి. వాటిలో అరచేతికి దగ్గరగా ఉన్న గీతను పెన్నుతో దిద్దండి. లిగమెంటు పట్టీ మొదలయ్యేది ఇక్కడ. సొరంగం ఈ గీత నుంచి వేళ్ళ వైపు పోతుంది, మోచేతి వైపు కాదు.

2. ఆ గీతకు చిటికెన వేలి వైపు చివర నొక్కి చూడండి. బఠానీ గింజంత గట్టి బుడిపె తగులుతుంది. పిసిఫాం ఎముక అంటే అదే. చేతిని వదులుగా, కొంచెం లోపలికి వంచి పట్టుకుంటే ఆ బుడిపె అటూ ఇటూ కాస్త కదులుతుంది. కదిలితే సరైనదే దొరికినట్టు, చుక్క పెట్టండి. మణికట్టు వెనకవైపు గుండ్రంగా పొడుచుకొచ్చే ఎముకను పట్టుకుని ఇదే అనుకోవద్దు, అది ముంజేతి ఎముక చివర.

3. రెండో చేతి బొటనవేలి కణుపును ఆ బుడిపె మీద ఆనించి, వేలి కొసను గీస్తున్న చేతి చూపుడు వేలి మొదలు వైపు తిప్పండి. కొస ఎక్కడ ఆనిందో అక్కడ కాస్త గట్టిగా నొక్కితే లోతులో ఎముక మొన తగులుతుంది. హామేట్ ఎముక కొక్కెం అది. రెండో చుక్క అక్కడ. నొక్కినప్పుడు నొప్పి పుట్టడం మామూలే, జబ్బేం కాదు. కానీ ఎక్కువసేపు నొక్కకండి. ఆ రెండు ఎముకల మధ్య సందులోంచే అల్నార్ నరం పోతుంది, చిటికెన వేలు జివ్వుమంటుంది.

4. ఇప్పుడు బొటనవేలి వైపు. నాడి చూసే చోట వేలు పెట్టి, చేతిని వెనక్కి వంచుతూ వేలిని అరచేతి కండ వైపు జరపండి. గీత దగ్గర ఒక ఎముక ముందుకు పొడుచుకొస్తుంది, స్కాఫాయిడ్. మూడో చుక్క. దాన్ని దాటి వేళ్ళ వైపు అర అంగుళం లోపే, కండ కింద, ట్రపీజియం ఎముక గట్టు ఉంటుంది. నాలుగో చుక్క. ఇది కండ దిట్టంగా ఉన్నవాళ్ళకు స్పష్టంగా తగలదు, అందాజుగా పెట్టుకున్నా నష్టం లేదు.

5. నాలుగు చుక్కలనూ కలపండి. అరచేతి మొదట్లో వచ్చిన ఆ చతురస్రమే సొరంగం పైకప్పు. "ఇంత కిందకా!" అని అందరూ అనేది ఇక్కడే.

6. బొటనవేలి కొసను చిటికెన వేలి కొసకు ఆనించి, మణికట్టును కొంచెం లోపలికి వంచండి. ముంజేతి మధ్యలో సన్నటి తాడు ఒకటి పైకి లేస్తుంది, పాల్మారిస్ లాంగస్ టెండన్. దానికి బొటనవేలి వైపు మరో తాడు, ఇంకొంచెం లావుగా ఉంటుంది. మధ్య తాడు లేవకపోతే కంగారు పడకండి. కొందరికి పుట్టుకతోనే ఉండదు, ఒక చేతికి ఉండి రెండో చేతికి లేనివాళ్ళూ ఉన్నారు. లేనంత మాత్రాన పనికి లోటేమీ రాదు. సర్జన్లకు ఇంకెక్కడైనా అతకడానికి టెండన్ కావలసి వస్తే చాలాసార్లు మొదట చూసేది దీన్నే.

7. రెండో రంగు పెన్ను తీసుకోండి. మధ్య తాడుకు బొటనవేలి వైపు అంచునే, ఆ రెండు తాళ్ళ మధ్య నుంచి, నిలువుగా ఒక గీత గీసి చతురస్రంలోకి తీసుకెళ్ళండి. మీడియన్ నరం దారి ఇదే. మధ్య తాడు లేనివాళ్ళు ముంజేతి నడిమధ్యలో గీయండి. బొటనవేలిని బాగా చాపితే, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందు నుంచి అరచేతికి అడ్డంగా ఒక గీత ఊహించుకోవచ్చు. నరం దాదాపు ఆ గీత దగ్గర సొరంగం దాటి కొమ్మలుగా విడిపోతుంది. కొమ్మలను బొటనవేలికి, చూపుడు వేలికి, మధ్య వేలికి, ఉంగరం వేలిలో మధ్య వేలి వైపు సగానికి గీయండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మణికట్టు మీద పైకి లేచి కనిపించే తాళ్ళు టెండన్లు, నీలంగా కనిపించేవి సిరలు. మీడియన్ నరం పైకి కనిపించదు, వేలికి తగలదు. "నరం ఉబ్బింది" అని సిర చూపించి మర్దనా చేయించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

గీసిన బొమ్మను ఫోటో తీసి పెట్టుకోండి. రాత్రి చేతికి కట్టుకునే పట్టీ కొనేటప్పుడు, డాక్టర్‌కి చూపించేటప్పుడు పనికొస్తుంది.

తిమ్మిరి ఈ నరానిదేనా?

8. ముందు వేళ్ళ లెక్క చూడండి. కళ్ళు మూసుకుని, ఇంకో చేత్తో దూది పోగును ఒక్కో వేలి కొస మీద తేలిగ్గా రాయండి. ఉంగరం వేలి దగ్గర తొందరపడొద్దు. మధ్య వేలి వైపు ఉన్న పక్క మీద ఒకసారి, చిటికెన వేలి వైపు ఉన్న పక్క మీద ఒకసారి రాయండి. ఒకే వేలిలో ఒక పక్క మొద్దుగా, రెండో పక్క మామూలుగా అనిపిస్తే అనుమానం బలంగా మీడియన్ నరం మీదికే పోతుంది. మెడ దగ్గర నరం నొక్కుకుంటే వేలు అలా నిలువునా రెండుగా చీలడం అరుదు. నాకు ఈ ఒక్క పరీక్ష మీద ఉన్న నమ్మకం మిగతావాటి మీద లేదు.

   అరచేతి మధ్యలో కూడా రాసి చూడండి. అక్కడి చర్మానికి వెళ్ళే కొమ్మ సొరంగానికి ముందే విడిపోయి, పైకప్పు మీదుగా పోతుంది. కాబట్టి సొరంగంలో ఇరుకైతే వేళ్ళు మొద్దుబారినా అరచెయ్యి బాగానే ఉంటుంది. అరచెయ్యి కూడా మొద్దుబారితే ఇబ్బంది ఇంకా పైన ఎక్కడో ఉండొచ్చు.

9. మోచేతులు బల్ల మీద ఆనించి ముంజేతులు నిటారుగా నిలబెట్టండి. అరచేతులను ముందుకు వాల్చేసి, వాటి బరువుకు వాటిని వదిలేయండి. 60 సెకన్లు. పైన లెక్కపెట్టిన వేళ్ళలో తిమ్మిరి మొదలైతే ఎన్నో సెకనులో మొదలైందో రాసుకోండి. అమెరికన్ సర్జన్ ఫాలెన్ పేరుతో ఈ పరీక్షను పిలుస్తారు. రెండు చేతుల వెనక భాగాలను ఒకదానికొకటి ఆనించి గట్టిగా నెట్టడం ఇంటర్నెట్ వీడియోల్లో కనిపిస్తుంది. అంత బలం పెడితే బాగున్న చెయ్యి కూడా నొప్పెడుతుంది. వదులుగా వాల్చడమే చాలు. మణికట్టు నొప్పి వస్తే లెక్కలోకి రాదు, వేళ్ళలో తిమ్మిరి రావాలి.

10. మణికట్టు తిన్నగా ఉంచి, మీరు గీసిన చతురస్రం మధ్యలో రెండో చేతి బొటనవేలితో ఒకే బలంతో 30 సెకన్లు నొక్కి ఉంచండి. తిమ్మిరి వేళ్ళలోకి పాకితే అవునన్నట్టే. వాచీ చోట నొక్కి "ఏమీ కాలేదండీ" అనేవాళ్ళు మళ్ళీ 5వ మెట్టుకు వెళ్ళండి. కొందరు డాక్టర్లు ఇదే చోట వేలితో టకటకా కొట్టి చూస్తారు, టినెల్ పరీక్ష. మీకు మీరు చేసుకుంటే దానితో అంతగా తేలదు.

11. అరచెయ్యి పైకి పెట్టి బొటనవేలిని తిన్నగా ఇంటి కప్పు వైపు లేపండి. ఇంట్లోవాళ్ళను దాన్ని కిందకి నొక్కమనండి. రెండు చేతులకూ చేసి పోల్చండి. ఒక బొటనవేలు ఇట్టే పడిపోతే, లేదా బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండాల్సిన కండ పక్క నుంచి చూస్తే చప్పగా, లోతుగా కనిపిస్తే ఇంటి వైద్యాలు అక్కడితో ఆపేయండి. నరం చాలాకాలంగా నలుగుతోందని అర్థం. ఆ కండ పోయాక తిరిగి రావడం కష్టం.

ఈ పరీక్షల్లో ఏ ఒక్కటీ గ్యారంటీ కాదు. బాగున్నవాళ్ళకూ ఒక్కోసారి తిమ్మిరి వస్తుంది, జబ్బున్నవాళ్ళకూ రాకపోవచ్చు. 8, 9, 10 మూడూ ఒకే మాట చెబుతూ, రాత్రి మెలకువ వచ్చి చెయ్యి దులపడం కూడా ఉంటే అప్పుడు నమ్మొచ్చు.

వేరే జబ్బు అయ్యే గుర్తులు కొన్ని: చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రమే తిమ్మిరెక్కితే అల్నార్ నరం, అది ఎక్కువగా మోచేతి దగ్గర నొక్కుకుంటుంది. మెడ తిప్పినప్పుడు చెయ్యంతా లాగితే మెడ చూపించుకోవాలి. షుగర్ ఉండి అరికాళ్ళు కూడా మొద్దుబారితే షుగర్ వల్ల వచ్చే నరాల దెబ్బ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ సొరంగం ఇరుకూ ఎక్కువే వస్తుంది కాబట్టి రెండూ కలిసే ఉండొచ్చు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఉండి తిమ్మిరి లేకపోతే అది టెండన్ వాపు, దీనితో సంబంధం లేదు.

రాత్రి పట్టీ

నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, కొందరికి చెంప కింద నలుగుతుంది. లోపలికి వంగినా ఒత్తిడి పెరుగుతుంది, వెనక్కి వంగినా పెరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడే తక్కువ. రాత్రి పట్టీ పని అంతే, తిన్నగా ఉంచడం.

12. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల చుట్టూ సర్జికల్ షాపులకు కొదవలేదు. అడిగితే రెండు రకాలు తీస్తారు. సాగే ఎలాస్టిక్ బ్యాండు వద్దు, అది తిన్నగా ఉంచదు సరికదా ఉన్న ఇరుకును ఇంకాస్త బిగిస్తుంది. లోపల రేకు ఉన్న కాక్-అప్ స్ప్లింట్ తీసుకోండి. కుడి, ఎడమ వేరువేరుగా ఉంటాయి. షాపులోనే వేసుకుని పిడికిలి బిగించి చూడండి. వేళ్ళు పూర్తిగా ముడవగలగాలి. పట్టీ అంచు వేళ్ళ మొదట్లో ఉన్న గీతలను దాటి వస్తే సైజు పెద్దది.

13. ఇక అసలు పని, దాదాపు ఎవరూ చేయనిది. పట్టీకి అరచేతి వైపు ఒక సన్న జేబు ఉంటుంది. అందులోంచి రేకును బయటకు లాగండి. చాలా పట్టీల్లో అది చేతిని వెనక్కి ఎత్తి ఉంచేలా వంచి వస్తుంది. ఎముక దెబ్బలకు అది పనికొస్తుంది, మనకు కాదు. బల్ల అంచుకు ఆనించి ఆ వంపును తీసేయండి. అరచేతి గుంతలో ఆనే చివరి వంపు మాత్రం కొద్దిగా ఉండనివ్వండి. మళ్ళీ జేబులో పెట్టి, కట్టుకుని, చేతి వెనకవైపు మధ్య వేలి కణుపు నుంచి ముంజేతి మీదకు ఒక స్కేలు పెట్టి చూడండి. స్కేలు రెండు చోట్లా ఆనితే తిన్నగా ఉన్నట్టు. మణికట్టు దగ్గర ఎత్తుగా సందు వస్తే ఇంకా వెనక్కి వంగి ఉంది. వేళ్ళ వైపు చివర గాల్లో తేలితే లోపలికి వంగింది.

14. వెల్క్రో కింద ఒక వేలు దూరేంత వదులు ఉంచండి. బిగించి కడితే కొత్త తిమ్మిరి తెచ్చుకున్నట్టే. పొద్దున లేచేసరికి వేళ్ళు ఉబ్బినా, చర్మం మీద లోతుగా అచ్చులు పడినా వదులు చేయాలి.

మన ఎండలకు, అందులోనూ కరెంటు పోయిన మే నెల రాత్రి, దాన్ని చేతికి ఉంచుకోవడం చిన్న విషయం కాదు. నూలు సాక్స్ ముందు భాగం కత్తిరించి, బొటనవేలికి రంధ్రం చేసి లోపల తొడుక్కుంటే చెమట కొంత పీలుస్తుంది. రెండు జతలు పెట్టుకుని రోజూ ఉతకండి. పట్టీ కొనేలోపు తాత్కాలికంగా కావాలంటే, మందపాటి అట్టముక్కను నూలు తువ్వాలులో చుట్టి ముంజేతి కింద నుంచి అరచేతి సగం వరకు పెట్టి, క్రేప్ బ్యాండేజీ వదులుగా చుట్టండి.

పగలంతా కూడా కట్టుకోవద్దు, కండలు బిగుసుకుపోతాయి. పగలు చూసుకోవలసింది చేసే పనిని. బండి క్లచ్‌ని సిగ్నల్ దగ్గర నొక్కి ఉంచకుండా న్యూట్రల్ వేయడం, పడుకుని ఫోన్ చూసేటప్పుడు మణికట్టు ముడవకపోవడం, కత్తెర పట్టినా తొడిమలు తీసినా గంటకోసారి కాసేపు చేతులు వదులుగా చాపడం. ఆవకాయ రోజుల్లో కాయలు కొట్టే పని ఇంకొకరికి అప్పగించండి, కలపడం మీరు చూసుకోవచ్చు. వ్యాయామాల మీద నాకు పెద్ద ఆశలు లేవు. వేళ్ళను తిన్నగా చాపి, కొక్కెంలా వంచి, పిడికిలి పట్టడం రోజుకు కొన్నిసార్లు చేస్తే నష్టం లేదు, పట్టీ మానేసి అదొక్కటే చేస్తే లాభం లేదు. వేడినీళ్ళ సంచి పెట్టొద్దు. మొద్దుబారిన వేలికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

పట్టీ వేసుకున్న రెండో రోజే "తగ్గలేదు" అని తీసేస్తారు. కనీసం 6 వారాలు ఇవ్వాలి. గోడ క్యాలెండర్ మీద, రాత్రి తిమ్మిరితో లేచిన రోజుకు అడ్డగీత పెట్టండి. వారం వారం గీతలు తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. రెండు వారాలకోసారి 9వ మెట్టు మళ్ళీ చేసి, తిమ్మిరి మొదలైన సెకను పాతదానితో పోల్చండి. ముందు 20 సెకన్లకే వచ్చేది ఇప్పుడు 50 దాకా రాకపోతే మెరుగే. గర్భిణులకు ప్రసవం తర్వాత చాలావరకు దానంతటదే తగ్గుతుంది, అప్పటిదాకా పట్టీ చాలు.

6 వారాలకూ తగ్గకపోయినా, తిమ్మిరి రోజంతా ఉన్నా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, గ్లాసులు జారిపోతున్నా, 11వ మెట్టులో తేడా కనిపించినా ఎముకల డాక్టర్‌కో న్యూరాలజిస్టుకో చూపించాలి. ప్రైవేటుకు పోలేనివాళ్ళకు గుంటూరు, విజయవాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) ఓపీలు ఉన్నాయి. నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష రాస్తారు, చిన్న చిన్న షాకుల్లా ఉంటుంది, ప్రమాదం లేదు. మొదటి దశలో అది నార్మల్ రావచ్చు కూడా. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించారో లేదో మీరే గుర్తు చేయండి. థైరాయిడ్ తగ్గి ఉన్నవాళ్ళకు మందు వేస్తే ఒక్కోసారి చెయ్యి కూడా బాగుపడుతుంది.

కింద పడి మణికట్టుకు దెబ్బ తగిలాక తిమ్మిరి, నొప్పి గంట గంటకూ పెరుగుతుంటే ఈ మెట్లేవీ వద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చెయ్యి ఉన్నట్టుండి మొద్దుబారి, మూతి వంకరపోయినా మాట తడబడినా అది పక్షవాతం, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆపరేషన్ అంటే టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. మీరు గీసిన చతురస్రంలో ఆ పైకప్పు లిగమెంటును నిలువుగా తెరుస్తారు, అంతే. సాధారణంగా చెయ్యి వరకే మత్తు ఇస్తారు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. రాత్రి తిమ్మిరి చాలామందికి త్వరగానే పోతుంది. అరచేతి మొదట్లో నొక్కితే నొప్పి కొన్ని వారాల నుంచి నెలల దాకా ఉండొచ్చు. తొడిమలు తీసే పనో, కుట్టు పనో, బరువులెత్తే పనో చేసేవాళ్ళు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టవచ్చో ఆపరేషన్‌కు ముందే అడిగి, ఇంట్లో పని ఎవరు చూస్తారో మాట్లాడుకుని అప్పుడు తేదీ తీసుకోండి. రెండు చేతులకూ ఉంటే, ఎక్కువ ఇబ్బంది ఉన్న చేతికి ముందు చేయించుకోవడం మేలు. రెండూ ఒకేసారి కట్లతో ఉంటే అన్నం కూడా ఇంకొకరు కలిపి పెట్టాలి.